తోడు వచ్చే మనిషికి జీతం ఎవరిస్తారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు నన్ను నిద్రపోనివ్వలేదు. రాసింది వేర్వేరు ఊళ్ళవాళ్ళు, కానీ నాలుగూ ఒకే దగ్గరికొచ్చి ఆగాయి. వికలాంగుల పక్కన నిలబడి ఆఫీసుల్లో మాట్లాడే మనిషి ఎక్కడున్నాడు, అతణ్ణి ఎవరు పోషిస్తున్నారు? అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నాను. (దివ్యాంగులు అని రాయమని కొందరు పాఠకులు అడుగుతున్నారు. మా సంఘంలో మేం మొదటినుంచీ వికలాంగులమనే చెప్పుకున్నాం, హక్కులు అడిగింది ఆ పేరుతోనే. నాకు అదే అలవాటు.)

ప్రశ్న: అక్కా, నారాయణపేట జిల్లాలో చిన్న సంస్థ నడుపుతున్నాను. పింఛన్లు, సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్లు, బడిలో సీట్లు, ఇలాంటి వాటికోసం వికలాంగుల వెంట తిరగడమే మా పని. మూడేళ్ళ ప్రాజెక్టు మార్చితో అయిపోయింది. ముగ్గురు కార్యకర్తల్లో ఇద్దరిని మాన్పించాల్సి వచ్చింది. కొత్త దాత దగ్గరికి వెళ్తే, "మీరు ఎన్ని వీల్‌చైర్లు ఇచ్చారు?" అని అడిగారు. ఒక్కటీ ఇవ్వలేదు. ఏం చెప్పాలో తోచలేదు. ఈ పనికి అసలు డబ్బు ఎక్కడైనా దొరుకుతుందా?

జవాబు: తమ్ముడూ, ముందు మనం చేసే పని ఏమిటో దాతకు కళ్ళకు కట్టినట్టు చెప్పడం నేర్చుకోవాలి. అది చేతకాక నేనూ ఏళ్ళ తరబడి ఇబ్బంది పడ్డాను.

నేను ఈ పనిలోకి వచ్చింది 2003లో. ప్రపంచ బ్యాంకు అప్పుతో వెలుగు అనే పేదరిక నిర్మూలన ప్రాజెక్టు నడుస్తున్న రోజులు. మొదటి విడతలో తీసుకున్న ఆరు జిల్లాల్లో మా మహబూబ్‌నగర్ ఒకటి. ఎడమ కాలికి క్యాలిపర్ (కాలికి ఆసరాగా కట్టుకునే ఇనుప పట్టీ) వేసుకుని ఊరూరా తిరిగి వికలాంగుల సంఘాలు కట్టించేదాన్ని. అప్పుడు నాకు నెలనెలా జీతం వచ్చేది కాబట్టి ఈ పనికి డబ్బు కావాలన్న ఆలోచనే రాలేదు. ప్రాజెక్టు చేతులు మారాక, మాలాంటివాళ్ళ పోస్టులు ఒక్కొక్కటే పోయాక తెలిసొచ్చింది. సంఘం పేరు రిజిస్టర్లో ఉంటుంది. తిరిగే మనిషి లేకపోతే ఆ రిజిస్టరు బీరువాలోనే ఉంటుంది.

ఒక సోమవారం సంగతి చెప్తాను. కలెక్టరేట్‌లో ప్రజావాణి, అంటే జనం అర్జీలు తీసుకునే రోజు. ఇరవై రెండేళ్ళ అబ్బాయి, పుట్టుకతో చెవుడు, మాట రాదు. అమ్మానాన్నలు ముంబైకి వలస పోయారు, నాయనమ్మ దగ్గర ఉంటున్నాడు. పింఛను ఆగిపోయింది. ఇద్దరూ అర్జీ పట్టుకుని మూడు గంటలు లైన్లో నిలబడ్డారు. వంతు వచ్చింది. బల్ల వెనకాల ఉన్న అధికారి తల ఎత్తకుండానే "ఎప్పటినుంచి ఆగింది?" అన్నారు. అబ్బాయి ఆయన పెదవులనే చూస్తూ తల ఊపాడు. నాయనమ్మ కొడుకు ముంబైకి ఎందుకు పోయాడో చెప్పడం మొదలుపెట్టింది. అధికారి అర్జీ మీద ఏదో రాసి పక్కనున్న దొంతరలో పెట్టారు. మొత్తం ఒక్క నిమిషం. ఆయన చెడ్డవాడు కాదు, ఆయన ముందు ఇంకా వందమంది ఉన్నారు.

అప్పుడు మా కార్యకర్త ముందుకెళ్ళింది. అబ్బాయి చొక్కా జేబులోంచి పోస్టాఫీసు పాసుబుక్కు తీసి, చివరి ఎంట్రీ ఉన్న పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. "సార్, జాబితాలో వలస వెళ్ళాడని రాశారు. వెళ్ళింది వాళ్ళ నాన్న" అంది. అర్జీ నెంబరు అడిగి తన చేతి మీదే రాసుకుంది. అక్కణ్ణుంచి ఎంపీడీవో ఆఫీసు, పంచాయతీ కార్యదర్శి, మళ్ళీ జిల్లా ఆఫీసు. నాలుగు నెలలు, పదకొండు ప్రయాణాలు. పింఛను తిరిగి మొదలైంది.

ఆ పదకొండు ప్రయాణాల చార్జీలు, జిరాక్సులు, మధ్యాహ్నం భోజనాలు అన్నీ కలిపి మా లెక్కల పుస్తకంలో 2,340 రూపాయలు. వాటిని రాయడానికి ఏ దాత ఇచ్చిన బడ్జెట్లోనూ గడి లేదు. "ఇతర ఖర్చులు" అని రాశాం. తెలంగాణలో వికలాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలు, అంటే ఆ ఇంటికి ఏడాదికి 48,192. "ఎన్ని వీల్‌చైర్లు?" అని అడిగే దాతకు నువ్వు ఈ లెక్క చూపించు. ప్రతి కేసుకీ ఒక పేజీ పెట్టు. ఎన్నిసార్లు తిరిగారు, ఎంత ఖర్చయింది, ఆ మనిషికి చివరికి ఏం దక్కింది. మేం ఈ రిజిస్టరు పెట్టిన తర్వాతే మా మాట వినడం మొదలుపెట్టారు.

ఇక డబ్బు సంగతి. చట్టాల్లో మన పనికి చోటు ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం రాష్ట్ర నిధి ఏర్పాటు చేయాలంది. రాష్ట్ర కమిషనర్ ఉండాలంది, ఆ కమిషనర్‌కు విచారణలో సివిల్ కోర్టు అధికారాలు ఇచ్చింది. ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలంది. 7 రకాల వైకల్యాలున్న పాత జాబితాను 21కి పెంచింది. అన్నీ మంచివే. కానీ ఇవన్నీ ఫిర్యాదు తీసుకునేవాళ్ళ గురించి. ఫిర్యాదు పట్టుకొచ్చే మనిషికి తోడుగా వచ్చేవాళ్ళ జీతం ఎక్కడ్నుంచి వస్తుందో అందులో కనపడదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగడానికే ఇంకో మనిషి సాయం కావలసినవాళ్ళు ఏం చేయాలి?

కేంద్రం గ్రాంటు అంటే దీన్‌దయాళ్ పునరావాస పథకం, మనం డీడీఆర్‌ఎస్ అంటుంటాం. అది ప్రత్యేక పాఠశాలలు, చిన్నపిల్లల శిక్షణ కేంద్రాలు, ఇంటి దగ్గరే ఇచ్చే పునరావాసం లాంటి వాటిని చూసి రాసింది. నీకు ఇంటింటికీ వెళ్ళే కార్యకర్తలున్నారు కాబట్టి ఆ చివరిదానికి దరఖాస్తు పెట్టొచ్చు. కానీ ఒక్క మాట గుర్తుంచుకో. ఆ ఫైలు జిల్లా ఆఫీసు తనిఖీ చేసి పంపాలి. అదే ఆఫీసు మీద నువ్వు సోమవారం ఫిర్యాదు పెట్టాలి. ఈ ఇరకాటం నేను పడ్డాను. ఒకసారి మా తనిఖీ నివేదిక పెండింగులో ఉన్నప్పుడు ఒక హాస్టల్లో పిల్లల్ని కొట్టారన్న ఫిర్యాదు వచ్చింది. మా కమిటీలో ఇద్దరు "కొన్నాళ్ళు ఆగుదాం" అన్నారు. ఆగలేదు, పెట్టేశాం. కానీ ఆ రాత్రి మాకు పట్టిన టెన్షన్ నాకు ఇంకా గుర్తే. అందుకే మొత్తం జీతాలు ఒకే చోటు నుంచి తెచ్చుకోవద్దు, ముఖ్యంగా నువ్వు ప్రశ్నించాల్సిన చోటు నుంచి.

కంపెనీల సీఎస్‌ఆర్ డబ్బు ఇంకో దారి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. నీ సంస్థకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఎ, 80జి రిజిస్ట్రేషన్లు, ఈ డబ్బు తీసుకునే సంస్థలు నమోదు చేసుకునే సీఎస్‌ఆర్-1 ఫారం నెంబరు ఉండాలి. వాళ్ళకు సాధారణంగా ఫొటో వచ్చే పని కావాలి, అది నిజమే. అయినా "అవగాహన" అని రాయకు, "న్యాయ సహాయం, పథకాలు అందేలా చూడడం, మండలానికి ఒక కార్యకర్త" అని రాయి. కార్యకర్త జీతాన్ని ఆఫీసు ఖర్చులో కలపకు. ఆ జీతమే కార్యక్రమం. మన పనిలో మందు, పుస్తకం, బండి అన్నీ ఆ మనిషే. బడ్జెట్లో మొదటి గడిలో రాయి, సిగ్గుపడకుండా రాయి.

మాన్పించిన ఆ ఇద్దరి ఫోన్ నెంబర్లు, వాళ్ళ కేసు పేజీలు నీ దగ్గర ఉన్నాయా? లేకపోతే ఈ వారమే తీసుకో. వాళ్ళతోపాటు ఎన్ని ఇళ్ళ చరిత్ర వెళ్ళిపోతుందో ఈ కింది తల్లి ఉత్తరం చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది ఖమ్మం దగ్గర ఊరు. మా బాబుకు మానసిక ఎదుగుదల లేదు. 18 నిండాయి. బ్యాంకుకు వెళ్తే ఇక మీ సంతకం చెల్లదు, గార్డియన్ కాగితం తెమ్మన్నారు. ఇదివరకు ఒక సంస్థ నుంచి ఒక అమ్మాయి వచ్చి అన్నీ చూసుకునేది. ఆర్నెల్లుగా రావడం లేదు. ఇంకో అబ్బాయి వచ్చి మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నాడు, ఆ తర్వాత అతనూ రాలేదు. చెప్పిందే చెప్పి విసిగిపోయాను.

జవాబు: అమ్మా, ఆ అమ్మాయి మిమ్మల్ని మర్చిపోయి ఉండదు. ప్రాజెక్టు అయిపోయి ఉంటుంది. తర్వాత వచ్చిన అబ్బాయికి ఆమె ఏమీ అప్పగించకుండా వెళ్ళాల్సి వచ్చి ఉంటుంది. తప్పు మాది, సంస్థలు నడిపేవాళ్ళది. మీ విసుగు న్యాయమైనదే.

బ్యాంకువాళ్ళు అడిగింది మీ అబ్బాయి విషయంలో ఉన్న నియమమే. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మానసిక ఎదుగుదల లోపం, బహుళ వైకల్యాలు, ఈ నాలుగింటికీ వర్తిస్తుంది. 18 ఏళ్ళు నిండాక గార్డియన్‌ను నియమించేది జిల్లా స్థాయి కమిటీ. దాని పేరు లోకల్ లెవెల్ కమిటీ. కలెక్టర్, ట్రస్ట్‌లో రిజిస్టరైన ఒక సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగ వ్యక్తి, ముగ్గురూ అందులో ఉంటారు. కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలని చట్టంలోనే ఉంది. కోర్టుకు వెళ్ళనక్కర్లేదు, లాయరూ అక్కర్లేదు. జిల్లా సంక్షేమ శాఖలో వికలాంగుల విభాగానికి వెళ్ళి "లోకల్ లెవెల్ కమిటీ తర్వాతి సమావేశం ఎప్పుడు?" అని రాతపూర్వకంగా అడగండి. నోటితో అడిగితే "చెప్తాం" అంటారు. కాగితం ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి.

ఒక్క జాగ్రత్త. వైకల్యం ఉన్న ప్రతివాళ్ళకూ గార్డియన్ కావాలని కాదు. చేతులు కాళ్ళు వంకర తిరిగి మాట తడబడే సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో తెలివి చక్కగా ఉన్నవాళ్ళు చాలామంది. వాళ్ళకు మనందరిలాగే ఆస్తి, బ్యాంకు ఖాతా స్వయంగా నడుపుకునే హక్కు ఉందని 2016 చట్టం చెప్తోంది. మా కార్యకర్తల్లో అలాంటి ఒకాయన ఉన్నాడు. ఆయన్ని బ్యాంకువాళ్ళు గార్డియన్ కాగితం అడిగితే ఆయనే ఒక పేజీ ఉత్తరం రాసి ఇచ్చాడు. మీ బాబుకు ఏది అవసరమో కమిటీ చూస్తుంది. దేనికోసం గార్డియన్‌షిప్ కావాలో ఆ విషయాలవరకే అడగండి.

ఇంకా ఇబ్బంది పెడితే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 1987 చట్టం ప్రకారం వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కి ఫోన్ చేసి చెప్పొచ్చు. వాళ్ళ దగ్గర పారాలీగల్ వాలంటీర్లు (న్యాయ సహాయంలో శిక్షణ పొందిన, లాయర్లు కాని కార్యకర్తలు) ఉంటారు. మీతో ఆఫీసుకు రమ్మని అడగండి, అది వాళ్ళ పనే.

అన్నిటికన్నా ముందు ఒక పుస్తకం కొనండి. సర్టిఫికెట్ నెంబరు, ఏ తేదీన ఎవరిని కలిశారు, ఏమన్నారు, అన్నీ మీరే రాసుకోండి. మా వాళ్ళు మళ్ళీ మారినా ఆ పుస్తకం మీ దగ్గరే ఉంటుంది.

ప్రశ్న: నమస్తే అండీ. డల్లాస్‌లో ఉంటాను, మాది మక్తల్. మా నాన్నగారి పేరు మీద మా ఊరివాళ్ళకు 20 మూడు చక్రాల సైకిళ్ళు ఇవ్వాలనుకుంటున్నాను. రెండు లక్షల రూపాయలవరకు అనుకున్నాను. మంచి సంస్థ పేరు చెప్పగలరా?

జవాబు: మీ మనసుకు దండం. మీ నాన్నగారి పేరు ఊళ్ళో నిలవాలనే నేను ఇంకో మాట చెప్తున్నాను, ఏమీ అనుకోకండి.

మూడు చక్రాల బండ్లు వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్రం ఏడీఐపీ పథకం కింద, ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో పెట్టే క్యాంపుల్లో ఇస్తారు. నేను ఒక ఇంటికి వెళ్తే గొడ్లపాక వెనకాల అలాంటి బండి ఒకటి కొత్తదే, ప్లాస్టిక్ కవరు కూడా పూర్తిగా తీయలేదు, సీటు మీద కోళ్ళు పడుకుంటున్నాయి. ఆ మనిషికి భుజాల్లో బలం లేదు, చేతితో పెడల్ తిప్పలేడు. ఆయనకు కావలసింది వెనక నుంచి ఎవరైనా తోసే వీల్‌చైరు. క్యాంపులో "నాకిది పనికిరాదు" అని చెప్పే ధైర్యం లేక తెచ్చుకున్నాడు. ఆయన తరఫున ఆ ఒక్క మాట చెప్పేవాళ్ళు ఆ రోజు అక్కడ లేరు.

మీరున్న దేశంలో ఈ పనికి ఒక ఏర్పాటు ఉంది. న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ అనే పెద్ద సంస్థలో మానసిక వికలాంగులను ఎంత ఘోరంగా ఉంచారో 1972లో టీవీలో బయటపడింది. ఆ తర్వాత 1975లో వచ్చిన చట్టంతో ప్రతి రాష్ట్రంలోనూ వికలాంగుల తరఫున వాదించే సంస్థ ఉండాలని, దానికి ఫెడరల్ ప్రభుత్వం డబ్బివ్వాలని నిర్ణయించారు. టెక్సాస్‌లోనూ ఒకటి ఉంది. సేవలు అందించే ఆఫీసులకు అది లోబడి ఉండకూడదన్న షరతు నాకు బాగా నచ్చింది. నారాయణపేట తమ్ముడికి నేను చెప్పిన ఇరకాటం అక్కడివాళ్ళు యాభై ఏళ్ళ కిందే గుర్తించారు. మన దగ్గర అలాంటిది వచ్చేదాకా మీలాంటివాళ్ళే దిక్కు.

లెక్క చూడండి. ఒక కార్యకర్తకు నెలకు 14,000 జీతం, పెట్రోలుకు, బస్సులకు 2,500. ఏడాదికి 1,98,000. మీరనుకున్న రెండు లక్షలకు సరిపోతుంది. మక్తల్ మండలంలో ఒక మనిషి ఏడాదిపాటు వికలాంగుల ఇళ్ళకు తిరుగుతారు. మీరు మూడేళ్ళకు మాట ఇవ్వగలిగితే ఇంకా మంచిది. ఏడాది అంటే ఇళ్ళు, ఆఫీసులు పరిచయం అయ్యేసరికే అయిపోతుంది.

ఎవరికి ఇవ్వాలో పేరు చెప్పను, ఈ శీర్షికలో అది నా నియమం. ఒకటి మాత్రం చూసుకోండి. మీకు ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, మీ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇచ్చే) కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. అప్పుడు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే ఇవ్వాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు, పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. ఊళ్ళలోని చిన్న సంఘాలకు ఈ రిజిస్ట్రేషన్ దొరకడం కష్టం. మూడేళ్ళలో కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలన్న నియమం ఉంది. కాబట్టి ముందు మీ పాస్‌పోర్టు సంగతి చెప్పి, తర్వాత సంస్థను అడగండి.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ పాసయ్యాను. నాకు చూపు తక్కువ. మా మండలంలో ఒక సంస్థ వికలాంగుల హక్కుల కార్యకర్తగా రమ్మంటోంది. 12,000 ఇస్తామన్నారు. "ఎప్పుడు పీకేస్తారో తెలియని ఉద్యోగం, నువ్వే ఒకరి చేయి పట్టుకుని నడుస్తావు, నువ్వు ఎవరికి తోడు వెళ్తావు" అని నాన్న అంటున్నారు. చేరమంటారా? – కర్నూలు జిల్లా నుంచి

జవాబు: చేరు చెల్లీ. నాన్నగారు చెప్పిన మొదటి మాట నిజం, దాచను. రెండో మాట నిజం కాదు. వైకల్యం ఉన్న మనిషి వచ్చి బల్ల ముందు కూర్చుంటే అవతలివాళ్ళు మాట్లాడే తీరే మారుతుంది. నేను క్యాలిపర్ టకటకలాడించుకుంటూ వెళ్ళిన ఆఫీసుల్లో చాలాసార్లు చూశాను.

కానీ చేరేముందు కాగితం మీద రాయించుకో. ప్రాజెక్టు ఎప్పటివరకు, ప్రయాణ ఖర్చులు జీతంలోనే కలిపారా విడిగానా (విడిగానే కావాలను), నీకు దారి చూపించడానికి ఎవరైనా వస్తే వాళ్ళ చార్జీ ఎవరిది, ఫోన్లో స్క్రీన్ రీడర్‌కు (తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) సాయం చేస్తారా. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉందేమో అడుగు. మామూలుగా అది 21,000 జీతం వరకే, వికలాంగ ఉద్యోగులకు 25,000 వరకు. ఇవి అడిగితే ఏమనుకుంటారోనని వెనకాడకు. రేపు ఇంకొకరి కోసం ఇలాంటివే అడగబోతున్నావు, ముందు నీ కోసం అడుగు.

మొదటి నెల పాత కార్యకర్త వెంట తిరుగు, ఒంటరిగా కేసు తీసుకోకు. ఒక వారం ఎవరి పనీ కాకపోతే కుంగిపోకు. నేను మొదటి రెండు నెలల్లో ఒక్క పింఛనూ ఇప్పించలేకపోయాను. అర్జీ ఇచ్చే రోజు కంటే ఒకరోజు ముందే ఆఫీసుకు వెళ్ళి చూసిరా. ఒక చోట ర్యాంపు కట్టారు, దాని చివరి గ్రిల్‌కు తాళం వేసి పెట్టారు. తాళం చెవి అటెండర్ దగ్గర, అటెండర్ భోజనానికి వెళ్ళాడు. వీల్‌చైర్లో ఉన్న పెద్దాయన ఎండలో గంటన్నర కూర్చున్నాడు. నువ్వు ఎవరినైనా తీసుకెళ్ళేముందు ఆ తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని, అతని ఫోన్ నెంబరు రాసుకో.